గురువారం దిండు

లండన్,
ఫిబ్రవరి 9, 1964

అక్కా,

నేను ఉత్తరం రాశానంటే ఏదో అవసరం పడిందని కవరు చింపకముందే అనుకుని ఉంటావు. నిజమే, పడింది. కాబట్టి ఇక్కడి చలి గురించి, పొగమంచు గురించి రాసి కాయితం పాడుచెయ్యను.

మాకు రికార్డు చేసే అవకాశం వచ్చింది. ఒకటి రెండు పాటలది కాదు, రెండు వైపులా నిండా ఉండే పెద్ద రికార్డు. మన దక్షిణాఫ్రికా నుంచి వచ్చి ఇక్కడ చిక్కుకుపోయిన ఐదుగురం, ఇద్దరు ఇంగ్లీషువాళ్ళు, మొత్తం ఏడుగురం. వాయించేది జాజ్, తాళం మన ఊళ్ళది, కోపం అందరిదీ. ఒక పాట పోలీసులు అడిగినప్పుడల్లా చూపించాల్సిన పాస్ పుస్తకం మీద, ఒకటి మనుషుల్ని గనులకు మోసుకుపోయే రైలు మీద. ఏడు పాటలు సిద్ధంగా ఉన్నాయి. ఎనిమిదోది, ఆఖరుది, లేదు. ఆ చోట నాకు కావలసింది అమ్మ పాట.

ఏ పాటో నీకు చెప్పక్కర్లేదు. నేను వచ్చేసే ముందు ఏడాది, కూల్చబోయే ఇళ్ళ తలుపుల మీద మునిసిపాలిటీవాళ్ళు తెల్లరంగుతో నంబర్లు వేసి వెళ్ళిన వారం, గురువారం ప్రార్థనలో అమ్మ అప్పటికప్పుడు కట్టిన పాట. "ప్రభువా, నేను నాలుగు వందల పన్నెండో నంబరుదాన్ని, నన్ను గుర్తుపట్టావా?" అని అమ్మ అడుగుతుంది. మిగతా ఆడవాళ్ళు ఒక్కొక్కరూ తమ తలుపు నంబరు చెప్పి అదే అడుగుతారు.

మాటలు గుర్తున్నాయి. రాగం ముప్పాతిక వంతు గుర్తుంది. పోయిందల్లా దిండు దెబ్బ. చర్చిలో డప్పు కూడదు కాబట్టి ఆడవాళ్ళు తోలు దిండు మీద అరచేత్తో కొడతారు కదా, ఆ దెబ్బ అడుగుతో కలవదు, పాటతోనూ కలవదు, రెండింటి మధ్యా ఎక్కడో పడుతుంది. ఎక్కడ పడుతుందో నాకు చేతకావడం లేదు. మా డ్రమ్ములవాడు నైజెల్ ఇంగ్లీషువాడు, పనిమంతుడు, కానీ కాలు పడినచోటే చెయ్యీ వేస్తాడు. వాడికి చూపిద్దామని మా ఇంటావిడ మిసెస్ పంఫ్రీ సోఫా దిండు మీద వారం రోజులు సాధన చేశాను. శనివారం అది పగిలింది. గదినిండా ఈకలు చూసి, నేను లోపల కోళ్ళను కోస్తున్నానని ఆవిడ నిర్ధారణకు వచ్చింది.

మనం బడిలో నేర్చుకున్న డో-రే-మీ అక్షరాల్లో ఆ పాట రాసి, కింద దిండు దెబ్బలు ఎక్కడెక్కడ పడతాయో గుర్తులు పెట్టి పంపగలవా? స్టూడియో జులై 14న. అమ్మకి మాత్రం తెలియనివ్వకు. తన పాట నా ఇత్తడి గొట్టంలోంచి వస్తుందంటే కాయితంతోపాటు నిన్నూ పొయ్యిలో పెడుతుంది.

అమ్మ నా పేరు ఎత్తుతోందా? ఊరికే అడిగాను.

నీ తమ్ముడు
మోండే

*

ఈస్ట్ లండన్, దక్షిణాఫ్రికా,
మార్చి 15, 1964

గొట్టం తమ్ముడికి,

నీ ఉత్తరం నాలుగు వారాలకు చేరింది. మన ఊరి పేరు చూసి అక్కడి పోస్టువాళ్ళు దాన్ని ముందు మీ లండన్‌లో తూర్పు వైపున్న వీధులన్నీ తిప్పారని ముద్రలు చూస్తే తెలిసింది. ఇంకోసారి రాసేటప్పుడు దేశం పేరు పెద్దక్షరాలతో రాయి. దేశం మీద నీ కోపం అక్షరాల సైజులో చూపించకు.

అమ్మ నీ పేరు ఎత్తదు. "ఆ గొట్టంవాడు" అంటుంది. ఈస్టర్‌నాడు బిషప్పుగారి ఊరేగింపు ముందు నువ్వు శాక్సొఫోన్ అందుకుని కీర్తనకి నడుం కదిలేలా వాయించడం, ముసలమ్మలు సైతం తాళానికి ఊగిపోవడం, ఊరేగింపు కాస్తా పెళ్ళి ఊరేగింపైపోవడం, అదంతా నిన్న జరిగినట్టే ఆవిడకి. ఆడవాళ్ళ సంఘానికి నాయకురాలి కొడుకు చేసిన పని అది. "గొట్టమా, నేనా" అని అడిగితే గొట్టం చంకన పెట్టుకుని నాటకం కంపెనీతో ఓడెక్కింది నువ్వే కదా, ఆవిడ మాత్రం ఏం చేస్తుంది.

అయినా నీకో రహస్యం చెబుతాను. నీ ఉత్తరం వచ్చిన రోజు అమ్మ వీపు ఇటు తిప్పి కూర్చుని, అప్పటికే మెరుస్తున్న బూట్లకి మళ్ళీ పాలిష్ పెడుతుంది. నేను నాలో నేను చదువుకుంటున్నట్టు పైకి చదవాలి. ఎక్కడైనా ఒక ముక్క దాటేస్తే దగ్గుతుంది. ఈసారి సగం ఉత్తరం దాటేశాను కాబట్టి మూడుసార్లు దగ్గింది. అంతా వాతావరణం గురించే రాశాడమ్మా అన్నాను. నీ పుణ్యమా అని ఈ వయసులో తల్లితో అబద్ధం ఆడాను.

ఇక నీ పని సంగతి. మొదట చదివినప్పుడు నా వల్ల కాదనుకున్నాను. పదిమంది పిల్లలకి దొంగతనం తప్పని చెప్పే పంతులమ్మని. గురువారం పాటని తీసుకెళ్ళి శుక్రవారం సారాకొట్టు వాద్యానికి కట్టడం నాకూ మింగుడుపడదు.

కానీ నిన్న మళ్ళీ రంగు డబ్బాలవాళ్ళు వచ్చారు. వెలిసిపోయిన నంబర్ల మీద కొత్త రంగు పూసి పోయారు. ఏడాది చివరికి లారీలు వస్తాయట. ఊరికి పన్నెండు మైళ్ళ అవతల కొత్త కాలనీ, ఒక్కొక్కరిది ఒక్కో వీధి. అక్కడ అమ్మ "నన్ను గుర్తుపట్టావా" అని అడిగితే పక్కనుంచి జవాబు ఎవరిస్తారు? ఈ ఇల్లు ఎలాగూ ఉండదు. పాటైనా ఎక్కడో ఒకచోట ఉండాలి. అందుకని రాస్తాను, నీ గొట్టం మీద ప్రేమతో మాత్రం కాదు.

వచ్చే గురువారాలు వెనక బల్ల మీద కూర్చుని, కీర్తనల పుస్తకం అడ్డం పెట్టుకుని రాసుకుంటాను.

దొంగ అక్క
నొవేతు

*

లండన్,
మే 22, 1964

అక్కా,

ఏమీ రాలేదు. ఉత్తరం రాలేదు, పాట రాలేదు. ఏప్రిల్ చివర్లో పంపి ఉంటావని లెక్కేసుకుని రోజూ మెట్ల మీద పోస్టు కోసం కాచుకుంటున్నాను. నేను ఏదో అమ్మాయి ఉత్తరం కోసం చూస్తున్నానని మిసెస్ పంఫ్రీ జాలిపడి, కొత్త దిండు లెక్కలో నన్ను క్షమించేసింది.

నైజెల్ ఇప్పుడు లావుపాటి టెలిఫోన్ డైరెక్టరీ మీద కొడుతున్నాడు. తలుపు తట్టినట్టుంది తప్ప ప్రార్థనలా లేదు. నిన్న పెద్ద తీగల బాసు వాద్యం వాయించే మా ముసలాయన, ఆ పాట వదిలేసి ఏడింటితోనే సరిపెడదాం అన్నాడు. మిగతావాళ్ళు నావైపు చూశారు. నేను జులై దాకా ఆగమన్నాను.

ఆ ఏడు పాటల్లోనూ తిట్టాం అక్కా. బాగానే తిట్టాం. కానీ తిట్టడం ఎవడైనా తిడతాడు. అమ్మ పాటలో తిట్టు ఒక్కటి కూడా లేదు, అది విన్నాక ఆ రంగు డబ్బా పట్టుకున్నవాడు తలెత్తుకుని తిరగలేడు. అది లేకపోతే ఈ రికార్డు ఉత్త అరుపు.

నీకేమీ కాలేదు కదా?

మోండే

*

ఈస్ట్ లండన్, దక్షిణాఫ్రికా,
జూన్ 14, 1964

తమ్ముడూ,

ఈ ఉత్తరం పోస్టులో రాదు. ఓడలో వంటపని చేసే, అమ్మ సంఘంలోని మన మారాదెబే అల్లుడు కోటు లోపల కుట్టుకుని తెస్తున్నాడు. ఎందుకో చదివితే నీకే తెలుస్తుంది. ముందు కూర్చో.

నీ పాట ఏప్రిల్‌లోనే పంపాను. జాగ్రత్త కొద్దీ ఉత్తరం ఏమీ రాయకుండా ఒట్టి పాట కాయితమే కవరులో పెట్టాను. నా తెలివి అక్కడే తెల్లారింది. పైన వరసగా అక్షరాలు, మధ్య చుక్కలు, గీతలు, పక్కన జవాబు చెప్పేవాళ్ళ తలుపు నంబర్లు, కింద దిండు దెబ్బలకి ఇంటూ గుర్తులు. నువ్వు చూస్తే పాట. పోస్టాఫీసులో కవరు విప్పినవాడు చూస్తే, లండన్‌లో ఉన్న తిరుగుబాటుదారుకి రహస్య సంకేతం.

పోయిన గురువారం మధ్యాహ్నం బడి నుంచి నన్ను ఠాణాకి పట్టుకెళ్ళారు. సార్జెంట్ ఫూరీ అని తెల్లాయన, ఎర్రటి మెడ, బల్ల మీద నా కాయితం. పక్కన అనువాదం చెప్పడానికి కానిస్టేబుల్ వుయిసిలే. వాడు నా పాటల బృందంలో పన్నెండేళ్ళుగా మగవాళ్ళ కింది గొంతు పాడుతున్నాడు. డో-రే-మీ నిద్రలో అడిగినా చదువుతాడు. ఆ రోజు మాత్రం కప్పుకేసి చూస్తూ, అలాంటి అక్షరాలు భూమ్మీద ఉన్నాయనే తెలియనట్టు నించున్నాడు.

ఇది సంగీతం అన్నాను. సార్జెంటు నవ్వాడు. సంగీతానికి ఐదు గీతలుంటాయి, తోకలున్న చుక్కలుంటాయి, మా అమ్మాయి పియానో నేర్చుకుంటోంది, నాకు తెలియదా అన్నాడు. మా బళ్ళలో ఇలాగే రాస్తారని, పియానోలు కొనే స్తోమత లేక అక్షరాలతో నేర్పారని చెప్పాను. నమ్మలేదు. కింద ఉన్న ఇంటూ గుర్తుల మీద వేలు పెట్టాడు.

"ఇవేమిటి?"

"దెబ్బలండీ."

"ఎవరికి?"

"దిండుకి."

వుయిసిలే అది అనువదించడానికి చాలాసేపు తీసుకున్నాడు.

నిజంగా పాటైతే పాడు అన్నాడు సార్జెంటు. లేచి నించుని పాడాను. మూడో వరుసలోకి వచ్చేసరికి తలుపు తెరుచుకుంది. నన్ను పట్టుకెళ్ళడం చూసి మారాదెబే ప్రార్థన మధ్యలో వెళ్ళి చెప్పిందట. అమ్మ వచ్చింది. ఒక్కతే కాదు, సంఘం మొత్తం ముప్ఫైమంది, ఎర్ర జాకెట్లు, నల్ల పరికిణీలు, తెల్ల టోపీలు. అమ్మ చంకలో దిండు.

నేను నోరు మూసేశాను. తన పాట కాయితం మీద పోలీసువాడి బల్ల మీద ఉండటం, అది తన కూతురే రాయడం, ఎవరికోసం రాసిందో కవరు మీద ఉండటం, అన్నీ అమ్మ ఒక్క చూపులో చూసింది. ఇక నా పని అయిపోయిందనుకున్నాను. పోలీసులకంటే ఆవిడకే ఎక్కువ భయపడ్డాను, నిజం చెప్పాలంటే.

"మూడో వరుసలో ఊపిరెక్కడ తీస్తున్నావే? మాట మధ్యలో ఎవరైనా తీస్తారా?" అంది అమ్మ.

అని తనే అందుకుంది. ఠాణా మధ్యలో, కీర్తనల పుస్తకం కుడిచేత్తో ఎత్తి పట్టుకుని, దిండు సార్జెంటు బల్ల మీద ఆయన సిరాబుడ్డి పక్కన పెట్టి కొడుతూ. "నేను నాలుగు వందల పన్నెండో నంబరుదాన్ని" అని అమ్మ అడిగేసరికి ముప్ఫైమందీ వరసగా ఎవరి నంబరు వాళ్ళు చెప్పారు. ఎనభై ఏడు. రెండు వందల ముప్ఫై. నూట నాలుగు. కాయితం మీద ఉన్న నంబర్లే. సార్జెంటు పెన్సిలుతో ఒక్కొక్కటీ టిక్కు పెట్టుకున్నాడు. చివర మగ గొంతు రావాల్సిన చోట ఒక్క క్షణం ఖాళీ వచ్చింది. ఆ ఖాళీ వుయిసిలే తట్టుకోలేకపోయాడు. పన్నెండేళ్ళ అలవాటు, నోరు దానంతటదే తెరుచుకుంది. కప్పుకేసి చూస్తూనే మూడు వందల తొమ్మిది అని పాడేశాడు. వాడి ఇంటి తలుపు మీదా నంబరుంది మరి.

సార్జెంటు వాడికేసి చూసిన చూపు ఎలా ఉందో రాయలేను.

పాట అని ఒప్పుకున్నాడు. కానీ అంత శబ్దం చేసే దిండులో ఏదో ఉందని అనుమానం పట్టుకుంది. కత్తి తీసి తోలు కుట్టు కోసేశాడు. కరపత్రాలు రాలతాయనుకున్నాడు కాబోలు. మోండే, అందులోంచి నీ బూడిదరంగు బడి ప్యాంటు వచ్చింది, మోకాలి దగ్గర నేను వేసిన అతుకుతో సహా. నీ నీలం చొక్కా, చేతులు పొట్టిదైన స్వెట్టరు, ఒకే ఒక్క మేజోడు. నువ్వు వెళ్ళాక నీ బట్టలేవని అడిగితే అమ్మ అనాథలకి ఇచ్చేశానంది. నాలుగేళ్ళూ నేను అదే నమ్మాను.

ఎవరివివి అని సార్జెంటు అడిగాడు. వుయిసిలే అనువదించాడు. అమ్మ నావైపు చూడలేదు.

"మా అబ్బాయివి. పారెయ్యడానికి చేతులు రాలేదు, కొట్టడానికి వచ్చాయి."

సార్జెంటు నీ ప్యాంటు మడతపెట్టబోయాడు, మడత రాలేదు, ఉండచుట్టి మళ్ళీ దిండులో కుక్కాడు. నా కాయితం మీద "పరిశీలించాం. కీర్తన" అని రాసి గుండ్రటి ముద్ర కొట్టి నా చేతిలో పెట్టాడు. ఆ కాయితమే దీనితో వస్తోంది. సర్కారు అనుమతితో సర్కారుని నిలదీసే పాట బహుశా ఇదొక్కటే.

దారంతా అమ్మ నాకు నాలుగడుగులు ముందు నడిచింది. కుళాయి దగ్గర ఆగి, వెనక్కి తిరక్కుండానే, ఆ గొట్టంవాడి వాద్యగాడు ఏ చేత్తో కొడతాడని అడిగింది. కుడిచేత్తోనే అయ్యుంటుందన్నాను. కుడిచెయ్యి పుస్తకానికి, కొట్టేది ఎడమచెయ్యి, అలవాటు లేని చెయ్యి కాబట్టే దెబ్బ ఒక వెంట్రుకవాసి ఆలస్యంగా పడుతుంది, అంత చిన్న సంగతి మరిచిపోయినవాడు నా కడుపున ఎలా పుట్టాడో అంది. ఇంకా, ఈకల దిండు పనికిరాదంది. వాడిన బట్టలే ఉండాలట.

ఈకల సంగతి ఆవిడకి ఎలా తెలిసిందని అడుగుతావేమో. నీ ఉత్తరాలు నేను బడికి వెళ్ళాక తీసి చదువుకుంటోందట. అన్నీ మొదటినుంచీ.

నొవేతు

*

లండన్,
జులై 20, 1964

అక్కా,

నీ ఉత్తరం మెట్ల మీదే చదివాను. దిండు కోసిన దగ్గరికి వచ్చాక అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయాను. మిసెస్ పంఫ్రీ వచ్చి, ఆ అమ్మాయి కాదందా అని అడిగి టీ ఇచ్చింది. నాలుగేళ్ళుగా ప్రతి గురువారం నేను అమ్మ చేతి దెబ్బలు తింటూనే ఉన్నానన్నమాట. ఇక్కడ నాకెవరూ లేరని ఎన్నిసార్లు ఏడ్చానో, ఎంత వెధవనో.

నైజెల్‌తో ఎడమచెయ్యి అని చెప్పాను. కుడిచేతిలో టెలిఫోన్ డైరెక్టరీ పెట్టాను. మొదటి దెబ్బకే పడింది అక్కా, ఎక్కడ పడాలో అక్కడ. ఐదు నెలలు ఏడిపించినది ఐదు నిమిషాల్లో వచ్చింది. దిండు మిసెస్ పంఫ్రీదే. ఈకలు తీసేసి మా ఐదుగురం ఒంటిమీదున్నవి తలా ఒకటి కూరాం. బాసు ముసలాయన చొక్కా ఇచ్చి కోటు గుండీలు మెడదాకా పెట్టుకున్నాడు, నేను మేజోళ్ళు లేకుండా వాయించాను.

జవాబు దగ్గర ఐదుగురం మా మా ఇళ్ళ నంబర్లు పాడాం. వాటిలో మూడు ఇళ్ళు ఇప్పటికే లేవు. ఇంగ్లీషువాళ్ళిద్దరూ మేమేం పాడాలని అడిగారు. ఊరుకోమన్నాను. కానీ రికార్డు తిరుగుతుండగానే నైజెల్ తొమ్మిది అని పాడాడు. తర్వాత చెప్పాడు, యుద్ధంలో బాంబు పడి పోయిన వాళ్ళమ్మ ఇంటి నంబరట. దాన్ని అలాగే ఉంచేశాం.

నా పాస్‌పోర్టు గడువు తీరింది. కొత్తది ఇచ్చేది లేదని, అంటే ఇంటికి రావడం కుదరదని, ఇక్కడి మన దేశపు ఆఫీసులో మర్యాదగానే చెప్పారు. ఇది నీకు చెప్పకూడదనుకున్నాను. అమ్మకి చెప్పకు, అంటే నువ్వు బడికి వెళ్ళేటప్పుడు ఈ ఉత్తరం వెంట తీసుకుపో.

ఇంకొకటి. రికార్డు అట్ట మీద అమ్మ పేరు వేయించాను, రచన మాబేలే అని. ఆవిడది ఆవిడకి దక్కాలి కదా.

మోండే

*

ఈస్ట్ లండన్, దక్షిణాఫ్రికా,
ఆగస్టు 30, 1964

బుర్రలేని తమ్ముడికి,

ఆ పేరు తీయించు. ఈ ఉత్తరం అందిన నిమిషంలో తీయించు. ఆ రికార్డు ఇక్కడ నిషేధిస్తారని నీకూ తెలుసు. పేరు కనబడితే ఈసారి దిండుతో వదలరు.

అమ్మకి చెబితే భయపడి తనే వద్దంటుందనుకున్నాను. ఆవిడని నేను ఇంకా ఎరగననుకో. పేరు ఉండాల్సిందే అంది. పేరు కింద సంఘం నాయకురాలని, దాని కింద ఈ స్త్రీకి శాక్సొఫోన్ ఇష్టం లేదని కూడా అచ్చువేయాలంది. రెండు రోజులు నేను బతిమాలాను, మారాదెబే బతిమాలింది. మూడోరోజు ఆవిడే తలుపు మీది నంబరుకేసి చూస్తూ, పాట నాదొక్కదానిదీ కాదు, దీనిది కూడా అంది. దాని పేరే వేయమంది. రచన: నాలుగు వందల పన్నెండు. అలా వేస్తే పట్టుకోవడానికి సార్జెంటుకి పేరు దొరకదు, నంబరు గుర్తుపట్టినా ఆ తలుపు అప్పటికి ఉండదు, ఆడవాళ్ళందరికీ మాత్రం తెలుస్తుంది.

లారీలు నవంబరు మూడున.

నీ పాస్‌పోర్టు సంగతి అమ్మకి తెలుసు. ఉత్తరం వెంటే తీసుకెళ్ళాను. కానీ సంచీలో నా అన్నం డబ్బా తనే పెడుతుంది కదా. ఆ రోజు బూట్లకి పాలిష్ పెట్టుకోలేదు.

నొవేతు

*

లండన్,
అక్టోబరు 25, 1964

అక్కా,

అట్ట మార్పించాను. అచ్చువాడు పేరు బదులు అంకె ఏమిటని మూడుసార్లు అడిగాడు. పెద్ద కుటుంబం పేరు అని చెప్పాను.

రికార్డు పోస్టులో వస్తోంది. తెల్లవాళ్ళు పల్లె పెళ్ళిళ్ళలో గంతులేసే అకార్డియన్ పాటల రికార్డొకటి కొని, దాని అట్టలో మాది పెట్టాను. మధ్యలో కాయితం కూడా దానిదే అతికించాను. చూసి కంగారుపడకు, సూది పెట్టాక తెలుస్తుంది.

అమ్మకి నచ్చిందో లేదో అడగను. వింటున్నప్పుడు దగ్గిందా లేదా, అది ఒక్కటి రాయి చాలు. ఆ లారీల రోజు సామాను మొయ్యడానికి కూడా నేను అక్కడ ఉండను.

మోండే

*

కొత్త కాలనీ, ఈస్ట్ లండన్ దగ్గర, దక్షిణాఫ్రికా,
జనవరి 24, 1965

మోండే,

మనవాళ్ళని తలా ఒక మూలకి విసిరేశారు. గురువారం ప్రార్థనకి మారాదెబే గంటన్నర నడిచి వస్తోంది. ఇళ్ళన్నీ ఒక్కలా ఉన్నాయి. మొదటివారం నేను రెండుసార్లు పక్కింటికి వెళ్ళి, వాళ్ళ పొయ్యి మీద నీళ్ళు పెట్టాను. పాత ఇల్లు పడగొట్టడానికి ముప్పావుగంట పట్టింది. అమ్మ తలుపు ఇవ్వమని అడిగింది. ఇవ్వలేదు.

నీ పార్శిల్‌ని పోస్టాఫీసువాళ్ళు పాత ఠాణాకే పంపారు. మమ్మల్ని రమ్మన్నారు. సార్జెంట్ ఫూరీ అట్ట చూసి సంతోషించిపోయాడు. మీ తమ్ముడికి ఇన్నాళ్ళకి బుద్ధొచ్చింది, ఇదీ సంగీతమంటే, మా అమ్మాయి పెళ్ళి నిశ్చయం ఆదివారమే, రెండు రోజులు ఇచ్చి పో అన్నాడు. వుయిసిలే మళ్ళీ కప్పుకేసి చూడటం మొదలుపెట్టాడు. అనాథలకిచ్చిన నీ బట్టల సంగతి తప్ప అమ్మ అబద్ధం ఆడదు, నీకు తెలుసు.

"మీరు నా దిండు కోశారు. నేను ఇంటికెళ్ళి కుట్టుకున్నాను. మీకు అరువివ్వను" అంది.

అది పచ్చి నిజం. సార్జెంటు మెడ ఇంకా ఎర్రబడింది. రికార్డు చేతికిచ్చేశాడు.

గురువారం వుయిసిలే తన గ్రామఫోను తెచ్చాడు. ఆడవాళ్ళందరూ సంఘం బట్టల్లో, ఇల్లు చాలక గుమ్మం బయట దాకా. మొదటి ఏడు పాటలూ అమ్మ కళ్ళు మూసుకుని, ఇంటికొచ్చిన తాగుబోతు బంధువుని భరించినట్టు భరించింది. రైలు పాట దగ్గర బూటు కొన కదిలింది, నేను చూడటం చూసి ఆపేసింది.

ఎనిమిదో పాటలో దిండు దెబ్బ పడగానే మారాదెబే నా చెయ్యి పట్టుకుంది. నువ్వు నాలుగు వందల పన్నెండు అన్నప్పుడు, నీ గొంతు, నాలుగేళ్ళ తర్వాత ఆ గదిలో నీ గొంతు. నీ తర్వాత మీవాళ్ళు నంబర్లు చెబుతుంటే ఇక్కడ ఆడవాళ్ళు ఆగలేకపోయారు. అందరూ చెప్పారు, అన్నీ పాత తలుపులవే. కొత్త నంబరు ఒక్కరి నోటా రాలేదు.

అమ్మ పాడలేదు. దగ్గలేదు కూడా. పాటయ్యాక లేచి వంటింట్లోకి వెళ్ళి తలుపేసుకుంది. బయటికొచ్చి సూది మళ్ళీ పెట్టమంది. నేను నీకు రాస్తున్నానని తెలిసి పెన్ను నా చేతిలోంచి లాక్కుంది, కింద ఉన్నది చూడు.

నొవేతు

*

మోండే,

మీ అక్క చేతిరాత బాగుంటుంది, మాటలెక్కువ. అందుకని నేనే రాస్తున్నాను.

మూడో వరుసలో తొందరపడ్డావు. చిన్నప్పుడు భోజనం దగ్గరా అంతే. దిండు కొట్టిన అబ్బాయి బాగా కొట్టాడు. తొమ్మిదో నంబరు ఇంటి వాళ్ళమ్మ కోసం గురువారం ప్రార్థన చేశాం, అతనికి చెప్పు.

గొట్టం గురించి నేను అన్నమాట వెనక్కి తీసుకోను. కానీ పాటైపోయాక చివర్లో నువ్వు ఒక్కడివే కాసేపు ఊదావే, అది మాత్రం నాలుగుసార్లు విన్నాను. తప్పులు వెతకడానికి.

దిండు విప్పాను. నీ బట్టలు ఉతికి ఆరేశాను. నీకిప్పుడు పట్టవని తెలుసు, అయినా మడతపెట్టి ఉంచాను. దిండులో పాత ఇంటి కిటికీ పరదాలు కూరాను. ఇకమీదట కొట్టడానికి నువ్వు అక్కర్లేదు.

ఇక్కడ ఇళ్ళన్నీ ఒక్కలా ఉంటాయి. ఎప్పుడు రానిస్తారో ఆ ప్రభువుకే తెలియాలి, వచ్చిననాడు మాత్రం దారి తప్పుతావు. మనది రెండు వేల ఆరు వందల ఎనభై ఒకటి. రాసి జేబులో పెట్టుకో.

పాటలో పాతదే ఉండనీ.

అమ్మ